నాన్న కనిపెట్టిన రెండు రకాల అతుకులు

వైల్డ్ బిల్ హికాక్ అనే కౌబాయ్ హీరో సినిమాల్లో కథ సగంలోనే అయిపోతుంది. దొంగ దొరికిపోతాడు, ఊరి జనం తేరుకుంటారు, వైల్డ్ బిల్, ఆయన పక్కనుండే లావుపాటి జింగిల్స్ గుర్రాలెక్కి దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోతారు. టైము చూస్తే పాతిక నిమిషాలే అయివుంటుంది. వెంటనే ఇంకో ఊరు, ఇంకో దొంగ, మళ్లీ మొదలు. మరో పాతిక నిమిషాలకు వాడూ దొరుకుతాడు, అప్పుడు 'ది ఎండ్' పడుతుంది. గంట కూడా నిండదు.

ఇవి అసలు సినిమాలుగా తీసినవి కావు. గై మాడిసన్, ఆండీ డివైన్ నటించిన టీవీ సీరియల్ 1951లో మొదలైంది. అందులోంచి రెండేసి ఎపిసోడ్లు తీసుకుని, ఒకదాని వెనక ఒకటి పెట్టి, ముందు కొత్త టైటిళ్లు వేసి థియేటర్లకు వదిలారు. 1952 నుంచి 1955 దాకా అలాంటివి 16 వచ్చాయి. నిర్మాత విలియం బ్రాయిడీ. విడుదల చేసింది మోనోగ్రామ్ కంపెనీ, కొన్నాళ్లకు అదే అలైడ్ ఆర్టిస్ట్స్ అని పేరు మార్చుకుంది. వెస్టర్న్, అంటే కౌబాయ్ సినిమా, అనగానే అందరూ దర్శకుడు జాన్ ఫోర్డ్ దగ్గర మొదలుపెడతారు. నేను మాత్రం ఈ అతుకుల సినిమాల దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే వీటిని ఎలా చూడాలో నాకు నేర్పింది మా నాన్న.

నాన్న సినిమా ఆపరేటరు. గుడివాడ చుట్టుపక్కల టూరింగ్ టాకీసుల్లో కుర్రాడిగా చేరి, డేరాతో పాటు ఊరూరా తిరిగి, చివరికి ఒక పర్మనెంటు హాల్లో స్థిరపడి అక్కడే రిటైరయ్యారు. ప్రొజెక్టర్‌లో మండే కార్బన్ కడ్డీల వెలుగు చూసీ చూసీ ఆయన కళ్లు ఎప్పుడూ కొంచెం ఎర్రగా ఉండేవి. 2007 వేసవిలో అమ్మా నాన్నా మొదటిసారి మా దగ్గరికొచ్చారు. అప్పుడు మేం లాస్ ఏంజెలెస్‌కి వాయవ్యంగా సిమీ వ్యాలీలో ఉండేవాళ్లం. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లందరికీ ఆ ఆరునెలల సంగతి తెలుసు. మేమిద్దరం ఆఫీసుకి, పిల్లాడు డే కేంపుకి వెళ్లిపోతే పెద్దవాళ్లకు పొద్దుపోదు. అమ్మ అయితే గోంగూర విత్తనాలేసుకుని పెరట్లో ఏదో ఒకటి చేసుకునేది. నాన్నకి తోచేది కాదు. సూపర్ మార్కెట్లో గంపెడు డీవీడీలు కుప్పపోసి డాలర్‌కి ఒకటి చొప్పున అమ్ముతుంటే, మా ఆయన గుర్రాల బొమ్మలున్నవి ఏరి పట్టుకొచ్చారు. "మావయ్యగారూ, వీటికి ఇంగ్లీషు అక్కర్లేదండీ" అని చేతిలో పెట్టారు.

ఆ మాట నిజమే. తుపాకీ ఎత్తినవాడెవడో, దించినవాడెవడో తెలిస్తే చాలు, మిగతాదంతా అర్థమైపోతుంది. పైగా నాన్నకి ఈ టోపీలూ గుర్రాలూ కొత్త కావు. 1971లో కృష్ణగారి 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చినప్పుడు ఆడించిన మనిషి ఆయన. రాజస్థాన్ ఎడారిలో గుర్రాలు పరిగెడుతుంటే నేల టికెట్టు జనం ఇసుక ఎగరేసేవాళ్లని ఇప్పటికీ చెబుతారు.

మొదట చూసిన డిస్క్ 'లోన్ రేంజర్'. 1949 సెప్టెంబరులో ఏబీసీ టీవీలో ఆ సీరియల్ మొదలైనప్పుడు తొలి మూడు వారాలు ఒకే కథ నడిచింది. ఆరుగురు టెక్సస్ రేంజర్లు దొంగల ముఠాని తరుముకుంటూ వెళితే, దారి చూపించేవాడే ద్రోహం చేసి వాళ్లని ఇరుకు కనుమలోకి తీసుకుపోతాడు. పైనుంచి కాల్పులు. ఐదుగురు చనిపోతారు, ఒక్కడు కొనఊపిరితో మిగులుతాడు. టాంటో అనే స్థానిక తెగ మనిషి అతన్ని బతికించి, శత్రువులు అందరూ పోయారనుకోవాలని ఆరు గోతులూ పూడ్చి ఆరు గుర్తులు పెడతాడు. చనిపోయిన అన్న చొక్కా మీది కోటు గుడ్డలోంచి బతికినవాడి ముసుగు తయారవుతుంది. ఆ మూడు ఎపిసోడ్లనీ కలిపి 1952లో 'ది లెజెండ్ ఆఫ్ ద లోన్ రేంజర్' అనే సినిమా చేశారు. మేం చూసింది అదే.

ఆ రోజు శనివారం. నేను పక్కనే బట్టలు మడతపెడుతున్నాను. కాసేపటికి నాన్న రిమోట్‌తో వెనక్కి తిప్పి, మళ్లీ చూసి, మళ్లీ తిప్పారు.

"ఏమైంది నాన్నా, ఆగిపోయిందా?"

"ఆగలేదమ్మా. ఇక్కడ అతుకుంది."

నాకేం కనపడలేదు. ఆయన మళ్లీ వేశారు. గుర్రం మీద మనిషి ఎడమనుంచి వస్తూ వస్తూ ఒక్కసారి చిన్న గెంతు గెంతాడు. దాదాపు ఒక సెకను తర్వాత స్పీకర్లో టక్ అని చప్పుడు.

"ముందు కంటికి, తర్వాత చెవికి," అన్నారు నాన్న. "అది ఆపరేటర్ అతుకు."

ఎందుకలా అని అడిగితే సోఫా ముందు కూర్చుని చేతులతో చూపించారు. ప్రొజెక్టర్‌లో ఫిలిం ముందు లెన్సు వెనక గేటులోంచి పోతుంది, అక్కడ బొమ్మ. ఇంకొంచెం కిందికి దిగాక సౌండు చదివే చోటికి వస్తుంది. అందుకే ఫిలిం మీద ఒక బొమ్మా, దాని మాటా ఒకే చోట అచ్చువేయరు. ముప్పై ఐదు ఎంఎంలో ఇరవై ఫ్రేముల ఎడం, పదహారు ఎంఎంలో ఇరవై ఆరు. ఫిలిం తెగినప్పుడు ఆపరేటరు అడ్డంగా కోసి అతికిస్తాడు కదా, ఆ అతుకు ముందు గేటు దాటుతుంది, బొమ్మ గెంతుతుంది. తర్వాత సౌండు దగ్గరికి వస్తుంది, టక్కుమంటుంది. ఇదంతా చెబుతూ ఆయన కుడిచేతి బొటనవేలితో ఎడమచేతి చూపుడువేలి గోరు గీకుతున్నారు. బ్లేడుతో ఫిలిం కొసన పైపూత గీకడం అది. తర్వాత ఊహలోని బ్రష్షుతో సిమెంటు రాసి, రెండు కొసల చిల్లులు ఒకదాని మీద ఒకటి సరిపెట్టి, రెండు వేళ్లతో నొక్కి పట్టుకుని పది లెక్కపెట్టారు. హాల్లో జనం ఈలలేస్తుంటే ఈ పని ఎంత తొందరగా చేయాలో, తొందరపడితే సిమెంటు ఆరక మళ్లీ గేటులో ఎలా ఊడుతుందో చెప్పారు. చిన్నప్పుడు ఆయన చొక్కాకి ఎప్పుడూ ఉండే ఆ ఘాటైన మందు వాసన ఏమిటో ఆ రోజు తెలిసింది నాకు.

ఆ తర్వాత అసలు విషయం. సినిమాలో ఇంకోచోట కథ ఒక మలుపు తిరిగి తెర మెల్లగా నల్లబడింది, మళ్లీ వెలిగింది. గెంతు లేదు, టక్ లేదు. పైగా వెనకనుంచి ఒకాయన గంభీరమైన గొంతుతో కథ అందుకున్నాడు.

"ఇది మావాడు చేసింది కాదు. ఇక్కడ కూడా అతుకే, కానీ స్టూడియోలో వేసిన అతుకు. నెగెటివ్ దగ్గరే కలిపేసి, సౌండు మళ్లీ సాపుగా ఎక్కించారు. ఇక్కడ ఏదో అయిపోయి ఇంకేదో మొదలైంది, చూడు."

ఇది మూడు టీవీ భాగాలు కలిపిన సినిమా అని అప్పటికి నేను ఆయనకు చెప్పలేదు. నాకే తెలియదు. డబ్బా వెనక ఆ మాట ఎక్కడా లేదు. సాయంత్రం ఇంటర్నెట్లో వెతికితే బయటపడింది. వంటింట్లో ఉన్న అమ్మ దగ్గరికి పరిగెత్తుకెళ్లి చెప్పాను. "ఆయనకి అదేం గొప్పే, నలభయ్యేళ్లు అతికించిన మనిషి" అంది అమ్మ, పోపు పెడుతూ. కానీ ఆ రాత్రి అన్నాల దగ్గర ఆవిడే ఆయన్ని అన్నీ అడిగి చెప్పించుకుంది.

ఆ పూటనుంచి మా ఇంట్లో సినిమా చూడటమంటే అతుకులు వెతకడమే. రెండు రకాలూ విడివిడిగా. స్టూడియో అతుకు కనపడితే నాన్న "కంపెనీది" అనేవారు. గెంతీ టక్కూ కలిసి వస్తే "మావాడిది" అనేవారు. ఆ 'మావాడు' ఎవరో ఆయనకి తెలియదు, నాకూ తెలియదు. కాన్సాస్‌లోనో, మోంటానాలోనో ఎక్కడో చిన్న హాల్లో, పిల్లలు అరుస్తుండగా, చెమటలు కారుతూ ఫిలిం అతికించిన ఒక మనిషి. యాభై ఏళ్ల తర్వాత గుడివాడ ఆపరేటరు ఒకాయన అతని చేతిపని చూసి "శుభ్రంగా వేశాడు, ఒక్క ఫ్రేమే పోయింది" అని మెచ్చుకున్నారు. నాకు అమెరికా మీద ఉన్న ఇష్టాల్లో ఇది చాలా పెద్దది.

టీవీలో ఊరికే వచ్చే కథని డబ్బులిచ్చి హాల్లో ఎవరు చూస్తారు? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. చదువుతూ పోతే జవాబు దొరికింది. 1948 సెప్టెంబరు నుంచి 1952 ఏప్రిల్ దాకా అమెరికా ప్రభుత్వం కొత్త టీవీ స్టేషన్లకు అనుమతులు ఆపేసింది. స్టేషన్ల తరంగాలు ఒకదానితో ఒకటి కలిసి గందరగోళమవుతుంటే, చానళ్లు ఎలా పంచాలో తేల్చేదాకా ఆగమన్నారు. ఆ నాలుగేళ్లలో న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ వాళ్లు సోఫాల్లో కూర్చుని లోన్ రేంజర్ చూస్తుంటే, డెన్వర్, పోర్ట్‌లాండ్ లాంటి పెద్ద ఊళ్లకే టీవీ లేదు. ఆ రెండు ఊళ్లకీ తొలి స్టేషన్లు 1952లోనే వచ్చాయి. ఇక చిన్న ఊళ్ల సంగతి చెప్పాలా? ఆ పిల్లలు రేడియోలో వైల్డ్ బిల్‌ని వినగలరు, చూడలేరు. పక్క రాష్ట్రంలో చుట్టాలబ్బాయి చూశానని చెబితే వినగలరు. వాళ్లకోసం శనివారం మధ్యాహ్నం ఆటకి ఈ రెండు ఎపిసోడ్ల సినిమా వచ్చేది.

ఇది నాన్నకి చెప్పినప్పుడు ఆయనకి వెంటనే పట్టుకుంది. హైదరాబాద్‌లో దూరదర్శన్ 1977లో మొదలైంది, కానీ మా ఊళ్లోకి టీవీ వచ్చేసరికి నేను హైస్కూల్లో ఉన్నాను. అప్పటిదాకా మాకు బయటి ప్రపంచం అంటే నాన్న ఆడించే సినిమా, దాని ముందు వేసే ఫిల్మ్స్ డివిజన్ న్యూస్ రీలు. విజయవాడలో విడుదలైన బొమ్మ మా డేరాకి వచ్చేసరికి ఏడాది దాటేది. ప్రింటు నిండా గీతలు, పాటల్లో ముక్కలు మాయం. అయినా జనం బళ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. "అందనివాళ్లకి అందించే పనేనమ్మా ఇది" అన్నారు నాన్న. ఆ కంపెనీలు డబ్బు కోసమే చేశాయి, అది నాకు తెలుసు. ఒకసారి ఖర్చుపెట్టి తీసిన దాన్ని రెండుసార్లు అమ్ముకోవడమే వాళ్ల లెక్క. కానీ అందిన పిల్లవాడికి ఆ లెక్కతో పనేముంది? వాడికి వైల్డ్ బిల్ దొరికాడు.

లెక్కలో ఒక విషాదం కూడా ఉంది. అంతకుముందు రెండు దశాబ్దాలపాటు శనివారం ఆటల్ని నడిపింది బి-వెస్టర్న్‌లనే తక్కువ ఖర్చు వెస్టర్న్‌లు. వారంలోపు తీసేసేవాళ్లు, ఏడాదికి ఆరో ఎనిమిదో వచ్చేవి, ఒకే హీరో, ఒకే గుర్రం. టీవీ వచ్చి ఆ సినిమాల్నీ, ఆ హీరోల్నీ, ఆ సాంకేతిక నిపుణుల్నీ మింగేసింది. ఆ వరస సినిమాల్లో చివరిదని చెప్పేది వేన్ మోరిస్ నటించిన 'టూ గన్స్ అండ్ ఎ బ్యాడ్జ్', 1954లో వచ్చింది. దాన్ని విడుదల చేసిందీ అలైడ్ ఆర్టిస్ట్సే. అంటే ఒకే ఆఫీసులోంచి ఒకవైపు చివరి అసలు బి-వెస్టర్న్ బయటికి వెళుతోంది, ఇంకోవైపు టీవీ ముక్కలు అతికించిన డబ్బాలు వెళుతున్నాయి. థియేటర్‌ని ఖాళీ చేసిన టీవీయే కొన్నాళ్లు ఆ థియేటర్‌కి తిండి పెట్టింది. పర్మనెంటు హాలు మూతపడటం కళ్లారా చూసిన మనిషి నాన్న, ఈ ముక్క చెప్పినప్పుడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

వైల్డ్ బిల్ డిస్కుల్లో ఆయన ఇంకో సంగతి పట్టుకున్నారు. కథ మధ్యలో, ఎవరూ గుర్రమెక్కి వెళ్లిపోకుండానే, హఠాత్తుగా తెర నల్లబడేది. "ఇక్కడ రీలు మారే చోటు కాదే, కుడి మూలన చుక్క కూడా పడలేదు" అనేవారు. రీలు మార్చమని ఆపరేటరుకి చెప్పే గుర్తు ఆ చుక్క. అది వాణిజ్య ప్రకటన చోటు. ఆ సీరియల్‌కి డబ్బు పెట్టింది కెల్లాగ్స్ కంపెనీ, పిల్లలు పాలల్లో వేసుకు తినే షుగర్ పాప్స్ అనే సీరియల్ (cereal) అమ్ముకోవడానికి. థియేటర్ కాపీలో ప్రకటన తీసేశారు గానీ, దానికోసం వదిలిన చీకటి అలాగే ఉండిపోయింది. మా అబ్బాయి అప్పుడు ఏడేళ్లవాడు. ఆ చీకటి వచ్చినప్పుడల్లా "తాతయ్యా, సీరియల్ టైమ్!" అని గిన్నె పట్టుకుని తాత ఒళ్లో చేరేవాడు. వాడికి ఆండీ డివైన్ అంటే ప్రాణం. ఆ బొంగురు గొంతు, "హే వైల్డ్ బిల్, వెయిట్ ఫర్ మీ!" అని వెనకనుంచి అరుస్తూ జోకర్ అనే గుర్రం మీద ఆపసోపాలు పడుతూ రావడం. ఆయన 1939 నాటి 'స్టేజ్‌కోచ్'లో బండి తోలిన మనిషే. ఆరిజోనాలోని కింగ్‌మన్‌లో పెరిగాడు, ఆ ఊరి పెద్దవీధికి ఇప్పుడు ఆయన పేరే ఉంది. గ్రాండ్ కేన్యన్ వెళ్తూ ఆ వీధి బోర్డు కనపడితే మావాడు కారు ఆపించి, తాతతో కలిసి ఆ బోర్డు కింద నిలబడి ఫొటో దిగాడు. ఆ ఫొటో మా ఫ్రిజ్ మీద ఉంది.

గై మాడిసన్ గురించి ఒక మాట. అందగాడు, అంచులకు జాలరు వేలాడే తోలు చొక్కా, పిడులు ముందుకి తిరిగి ఉన్న రెండు తుపాకులు. అసలు హికాక్ 1876 ఆగస్టులో డెడ్‌వుడ్‌లో పేకాడుతుండగా వెనకనుంచి కాల్పులకు చనిపోయాడు. సీరియల్‌కీ ఆ మనిషికీ పేరొక్కటే సంబంధం. నాన్న గమనించింది వేరే: ఏ ఊరికెళ్లినా, ఎన్నాళ్లు గడిచినా ఆ చొక్కా మారదు. ఆయనకి తెలియంది కాదు. బట్టలు మారకపోతే ఒక కథలో తీసిన స్వారీ ఇంకో కథలో వాడుకోవచ్చు, ఒక చోటికి వెళ్లినప్పుడే నాలుగైదు కథలకు కావలసిన ఆరుబయటి బిట్లన్నీ తీసుకుని రావచ్చు. తక్కువ డబ్బుతో పనిచేసినవాళ్లు ప్రతి గజం ఫిలింనీ ఎలా వాడుకున్నారో ఆయన ఎంతో గౌరవంగా చెప్పేవారు.

రాళ్లు కూడా మారవు. "ఈ రాయి మళ్లీ వచ్చింది" అని ఒకటే చెబుతుండేవారు. ఆ రాళ్లు మా ఇంటికి పావుగంట దూరంలో ఉన్నాయని తెలిసినప్పుడు ఆయన మొహం చూడాల్సింది. సాంటా సుసానా కనుమ దాటితే చాట్స్‌వర్త్‌లో ఐవర్సన్ రాంచ్. మూకీల కాలంనుంచి అక్కడ వందలకొద్దీ సినిమాలు తీశారు. లోన్ రేంజర్ మొదట్లో అతని గుర్రం సిల్వర్ పరిగెత్తుకొచ్చి ముందుకాళ్లు ఎత్తి నిలబడే ఆ రాయి అక్కడిదే. దగ్గర్లోనే గార్డెన్ ఆఫ్ ద గాడ్స్ అని పెద్ద పెద్ద ఇసుకరాతి బండలు, ఇప్పుడది పార్కు. మధ్యలోంచి 118 ఫ్రీవే వేసి రాంచ్‌ని రెండుగా చీల్చేశారు. చుట్టూ ఇళ్లు లేచాయి.

ఆదివారం పొద్దున్నే వెళ్లాం. ఎరుపూ పసుపూ కలిసిన బండలు, చేత్తో రాస్తే వేళ్లకి ఇసుక అంటుతుంది. గాలీ వానా తొలిచిన గుంటలు గుండ్రంగా, చిన్నపిల్ల పట్టేంత లోతుగా ఉన్నాయి. నాన్న ఒక్కొక్క బండ చుట్టూ తిరిగి కెమెరా ఎక్కడ పెట్టి ఉంటారో లెక్కేశారు. "ఇక్కడ పెడితే ఆ వెనక కరెంటు స్తంభాలు పడవు. గుర్రం ఆ పక్కనుంచి వచ్చి ఇటు తిరిగితే అదే రాయి రెండు రాళ్లు." రెండు బండల మధ్య ఇరుకు దారి చూపించి, దొంగలు పొంచి ఉండేది ఇక్కడేనని మనవడికి చెప్పి, వాణ్ని అటు నిలబెట్టి తను ఇటునుంచి నడిచొచ్చారు. పంచె ఎగ్గట్టుకుని, అమ్మ "ఏమండీ, జారిపడతారు" అని అరుస్తున్నా వినకుండా, మూడుసార్లు నడిచారు.

మా ఊళ్లోనే కోరిగన్‌విల్ పార్కు ఉండేది. 1937లో క్రాష్ కోరిగన్ అనే నటుడు ఆ జాగా కొని షూటింగులకు అద్దెకిచ్చాడు. జాన్ ఫోర్డ్ 'ఫోర్ట్ అపాచీ' కోట సెట్టు అక్కడ వేశారు. తర్వాత మంటలంటుకుని సెట్లన్నీ పోయాయి, కొన్ని పునాదుల దిమ్మెలు మిగిలాయి. నాన్న రోజూ వాకింగ్‌కి అక్కడికే వెళ్లేవారు.

జే సిల్వర్‌హీల్స్ గురించి చెప్పకుండా దాటలేను. టాంటో వేసిన ఆయన కెనడాలోని సిక్స్ నేషన్స్ అనే స్థానిక తెగల ప్రాంతానికి చెందిన మోహాక్ తెగ మనిషి. ఆయన చేత ఆ సీరియల్లో మాట్లాడించిన ముక్కల ఇంగ్లీషు నాకు అప్పుడూ బాధేసింది, ఇప్పుడూ బాధేస్తుంది. ఈ అతుకుల సినిమాలు చాలావాటిలో స్థానిక తెగల వాళ్లంటే కొండమీద కనపడే నీడలే. కానీ సిల్వర్‌హీల్స్ నిలబడే తీరులో, గుర్రం మీద కూర్చునే తీరులో ఒక హుందాతనం ఉంది, రాసినవాళ్లెవరూ ఇవ్వనిది. తర్వాత ఆయన స్థానిక తెగల నటుల కోసం ఒక శిక్షణ కార్యశాల పెట్టాడు. నాన్నకి ఆయన మాట ఒక్కటి అర్థం కాకపోయినా, "ఈయనే అసలు మనిషి" అని తేల్చేశారు.

డిస్నీ వాళ్ల పని వేరే తీరు. 1954 డిసెంబరునుంచి 1955 ఫిబ్రవరి దాకా డేవీ క్రాకెట్ అనే పాతకాలపు అమెరికన్ వీరుడి కథ మూడు భాగాలుగా ఏబీసీలో వేశారు. ఫెస్ పార్కర్ హీరో. దేశంలో పిల్లలంతా రకూన్ తోకలున్న టోపీలు పెట్టుకున్నారు. ఇళ్లలో అది నలుపు తెలుపే, కానీ తీసేటప్పుడే రంగుల్లో తీశారు. 1955లోనే ఆ మూడూ కలిపి సినిమాగా వదిలితే, టీవీలో చూసినవాళ్లే రంగుల కోసం మళ్లీ వెళ్లారు. చిక్కేమిటంటే, మూడో భాగంలో క్రాకెట్ టెక్సస్‌లోని అలామో యుద్ధంలో చనిపోతాడు. గిరాకీ తగ్గలేదు కాబట్టి అంతకుముందు జరిగిన కథలని ఇంకో రెండు తీశారు, వాటినీ కలిపి 1956లో ఇంకో సినిమా చేశారు. మావాడికి ముందు రెండో సినిమా చూపించి, తర్వాత మొదటిది చూపించమన్నారు నాన్న. చనిపోయినవాడు మళ్లీ రావడం పిల్లాడికి ఎలా చెబుతాం అని.

అరవైల్లో ఈ పద్ధతి ముదిరింది. ఎంజీఎం వాళ్లు 'ద ట్రావెల్స్ ఆఫ్ జేమీ మెక్‌ఫీటర్స్' అనే సీరియల్ చివరి ఎపిసోడ్‌ని పెంచి 'గన్స్ ఆఫ్ డయాబ్లో' చేశారు. సీరియల్ నలుపు తెలుపు, సినిమా రంగులు. బళ్ల వరసని నడిపించే మనిషిగా చార్లెస్ బ్రాన్సన్, ఇంకా పెద్ద పేరు రాని రోజులు. పిల్లాడిగా కర్ట్ రస్సెల్. ఇందులో నాన్నకి కంపెనీ అతుకులు దాదాపు దొరకలేదు. ఒకే కథని పెద్దది చేశారు కాబట్టి కుదిరిందన్నారు. ఆయన లెక్కలో అన్నిట్లోకీ మంచి పనితనం ఇదే.

అన్నిట్లోకీ ఆయనకి కోపం తెప్పించింది 'ద మీనెస్ట్ మెన్ ఇన్ ద వెస్ట్'. 'ద వర్జీనియన్' సీరియల్‌లో 1962లో శామ్యూల్ ఫుల్లర్ తీసిన ఎపిసోడ్ ఒకటి, అందులో లీ మార్విన్ దొంగ, జడ్జిగారిని ఎత్తుకుపోతాడు. 1967 నాటి ఇంకో ఎపిసోడ్‌లో బ్రాన్సన్ దొంగ. మధ్యలో ఐదేళ్లు. తర్వాత ఇద్దరికీ పెద్ద పేరొచ్చింది, 'డర్టీ డజన్'లో కలిసి నటించారు కూడా. దాంతో ఆ రెండు ఎపిసోడ్లనీ కోసి, ఒకదాంట్లోకి ఒకటి చొప్పించి, వెనకనుంచి మాటలు పెట్టి, ఆ ఇద్దరు దొంగల్నీ అన్నదమ్ముల్ని చేశారు. సినిమా మొత్తంలో ఆ అన్నదమ్ములు ఒక్క ఫ్రేములో కలవరు. ఒకడు అటు చూసి తుపాకీ ఎత్తుతాడు, ఇంకొకడు ఇంకెక్కడో ఇటు చూస్తాడు.

"వైల్డ్ బిల్‌వాళ్లు రెండు కథలు పక్కపక్కన పెట్టారు, దాచలేదు. టికెట్టు కొన్న పిల్లాడికి రెండు కథలొచ్చాయి. ఇది మోసం కదమ్మా, లేని కథ ఉందని చెప్పారు," అన్నారు నాన్న. నేను ఒప్పుకోలేదు. విడిగా తీసిన రెండు ముక్కల్లోంచి మూడో కథ పుట్టించడం కూడా ఒక విద్యేనని వాదించాను. ఎడిటర్ కష్టం చూడమన్నాను. ఆయన నా మాట విని, ఆ సినిమా మళ్లీ చూసి, "కష్టం ఉంది, కాదనను. అయినా వాళ్లు అన్నదమ్ములు కారు" అన్నారు. ఈ వాదన ఇంకా తెగలేదు. ఫోన్లో ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుంది.

నాన్నకి ఎనభై దాటాయి. ప్రయాణాలు మానేశారు, గుడివాడలోనే ఉంటున్నారు. ఈ మధ్య కంటి ఆపరేషను అయ్యాక బొమ్మ బాగా కనపడుతోందట. 1958లో ఎన్‌బీసీలో వచ్చిన 'నార్త్‌వెస్ట్ పాసేజ్' సీరియల్‌ని ఎంజీఎం వాళ్లు మూడు సినిమాలుగా కలిపారు, రంగుల్లో తీసిన అడవులు, రోజర్స్ రేంజర్ల కథలు. వాటిలో మొదటిది 'ఫ్రాంటియర్ రేంజర్స్', దర్శకుడు 'క్యాట్ పీపుల్' తీసిన జాక్ టూర్నూర్. వెలుగునీడల్లో అంత చేయి తిరిగిన మనిషి వారం వారం టీవీకి తీస్తే ఎలా ఉంటుందో నాన్న చూడాలని నా కోరిక. డిసెంబరులో ఇంటికి వెళ్తున్నాను, పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టాను. నిన్న ఫోన్లో చెబితే ఒకటే మాట అన్నారు.

"ఎన్ని ఎపిసోడ్లు కలిపారో చెప్పకమ్మా. నేను చూసి చెబుతాను."